ఉప్పుగాలికి ఓర్చే పెట్టె

ఇంట్లో బల్లమీద పనిచేసే కంప్యూటరు ఎంత సుకుమారమైనదో దానిని పడవ ఎక్కించిన నాడు గాని తెలియదు. గదిలో దానికి నిలకడైన విద్యుత్తు ఉంటుంది, నీడ ఉంటుంది, కదలని నేల ఉంటుంది. పడవలో ఈ మూడూ ఉండవు. పైపెచ్చు ఉప్పు అనే నాలుగో బాధ పిలవకుండానే వచ్చి చేరుతుంది. కారులో ఉప్పుకు బదులు దుమ్ము. తక్కిన కష్టాలన్నీ ఇంచుమించు సమానమే.

కొన్నేళ్ళ క్రిందట, పాలిటెక్నిక్‌లో నా దగ్గర చదువుకున్న ఒక మరబోటు యజమాని కాకినాడ నుండి వచ్చి, “మాస్టారూ, నా బోటుకు తమరే ఒక కంప్యూటరు కట్టిపెట్టాలి. కొన్నది ఏదీ ఒక సీజను మించి బతకడం లేదు” అన్నాడు. అతనికి కావలసినవి పెద్ద గొంతెమ్మ కోరికలేమీ కావు. సముద్రపటం మీద బోటు ఎక్కడుందో కనిపించాలి. నిరుడు వల చిక్కుకుని చిరిగిన చోట్లు గుర్తుండాలి. రాత్రివేళ రేవుకు వచ్చిపోయే పెద్ద ఓడలు ఏ దిక్కు నుండి వస్తున్నాయో ముందుగా తెలియాలి. ఈ చివరి పనికి కొత్త యంత్రం కనిపెట్టవలసిన అవసరం లేదు. పెద్ద ఓడలు తమ పేరు, స్థానం, వేగం, దిశ రేడియో ద్వారా నిరంతరం ప్రకటిస్తూనే ఉంటాయి. ఆ సంకేతాలను అందుకునే చిన్న రిసీవరు ఒకటి తగిలిస్తే చాలు. పటాలు చూపే కార్యక్రమం కూడా ఉచితంగానే లభిస్తుంది. అరచేతిలో ఇమిడే కంప్యూటరు పలక 2012 నుండి బజారులో దొరుకుతున్నది. అన్నీ ఉన్నాయి గదా, ఇక కట్టడంలో కష్టమేమిటి? నేనూ మొదట అలాగే అనుకున్నాను.

చేతి ఫోను చాలదా అని కొందరు అడుగుతారు. ఒడ్డుకు దగ్గరగా వేటాడే తెప్పలకు చాలును. కాని ఎండలో ఫోను వేడెక్కి తనంతట తాను ఆగిపోతుంది. తడివేళ్ళకు దాని తెర లొంగదు. చార్జింగు పెట్టే రంధ్రంలో ఉప్పు పేరుకుంటే దాని ఆయుర్దాయం అంతటితో సరి. ఆపైన ఒడ్డునుండి కొద్ది కిలోమీటర్లు దాటగానే సిగ్నలు అందదు. 2017 నవంబరు చివర ఓఖి తుఫాను విరుచుకుపడినప్పుడు కేరళ, తమిళనాడు తీరాల నుండి లోతు సముద్రంలోకి వెళ్ళి ఉన్న మత్స్యకారులకు హెచ్చరిక అందించే దారి లేకపోయింది. వందలాది మంది తిరిగి రాలేదు. ఆ దుర్ఘటన తరువాతనే హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం (దీనినే ఇన్‌కాయిస్ అంటారు) వారు ‘జెమిని’ అనే చిన్న పరికరాన్ని 2019లో తెచ్చారు. అది గగన్ ఉపగ్రహాల నుండి హెచ్చరికను అందుకుని పక్కనే ఉన్న ఫోనుకు చేరవేస్తుంది. సముద్రం ముఖం చూడని హైదరాబాదు నుండి సముద్రపు కబురు వెళ్ళడం కొందరికి వింతగా తోచవచ్చు గాని, ఉపగ్రహానికి తీరమూ ఒకటే, గుట్టలూ ఒకటే.

తానెక్కడున్నదీ తెలియకపోవడం ఎంత ప్రమాదమో ఉత్తరాంధ్ర కుటుంబాలకు వేరే చెప్పనక్కర లేదు. గుజరాత్‌లోని వేరావల్ రేవు నుండి వేటకు వెళ్ళి, 2018 నవంబరులో సముద్ర సరిహద్దు దాటారని పాకిస్తాన్ అధికారుల చేతికి చిక్కిన మనవాళ్ళలో 20 మంది 2020 జనవరిలో గాని వాఘా మీదుగా ఇల్లు చేరలేదు. నీటి మీద గీత కనపడదు. దానిని చూపేది పటం ఒక్కటే. ఆ పటాన్ని చూపే పెట్టె అర్ధరాత్రి ఆగిపోకూడదు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. బోట్లన్నీ రేవులో ఉంటాయి. రంగులు, మరమ్మతులు అప్పుడే. ఆ రెండు నెలలే మాకు దొరికిన గడువు.

మొదట విద్యుత్తు సంగతి. బాటరీ మీద 12 వోల్టులని రాసి ఉంటే అది 12 వోల్టులు ఇస్తుందని నమ్మేవాడు బోటుకు కంప్యూటరు కట్టరాదు. నిండుగా చార్జి అయి ఊరకున్న బాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను తిరుగుతూ చార్జి చేస్తున్నప్పుడు 14.4 వరకు పోతుంది. ఇంజనును స్టార్టు చేసే క్షణంలో అందులో సగానికి పడిపోవచ్చు. కంప్యూటరు మూర్ఛపోయేది అప్పుడే. వీటన్నిటినీ మించిన గండం ఇంకొకటి ఉన్నది. ఆల్టర్నేటరు జోరుగా చార్జి చేస్తూండగా బాటరీ తీగె వదులై ఊడిందనుకోండి. అంతవరకు బాటరీ మింగుతున్న శక్తికి పోవడానికి చోటు ఉండదు. రక్షణ లేని 12 వోల్టుల వ్యవస్థలో అప్పుడు 100 వోల్టుల దాకా ఉప్పెన లేస్తుంది. సెకండులో మూడోవంతు కాలమైనా నిలుస్తుంది. అది కంప్యూటరు పలకను కాల్చడానికి చాలినంతకంటె చాలా ఎక్కువ వ్యవధి. మా బోటుది 24 వోల్టుల వ్యవస్థ, కనుక ఉప్పెన ఇంకా పెద్దది.

దీనికి విరుగుడు లేకపోలేదు. తీగె బాటరీ నుండి బయలుదేరే చోటనే ఫ్యూజు, దాని వెంట ఉప్పెనను మింగే డయోడు, తరువాత 9 మొదలు 36 వోల్టుల వరకు ఏది ఇచ్చినా స్థిరంగా 5 వోల్టులు ఇచ్చే కన్వర్టరు. రైళ్ళకు, లారీలకు చేసే కన్వర్టర్లు కొంచెం ఖరీదైనా మన్నుతాయి. ఇందులో పిసినారితనం చూపి వందల్లో మిగుల్చుకున్నవాళ్ళు తరువాత వేలల్లో చెల్లించడం నేను చాలాసార్లు చూశాను.

రెండవది వేడి. పలక తినేది ఏడెనిమిది వాట్లే; చిన్న బల్బంత. అయితే నీరు చొరకుండా మూసిన పెట్టెలో ఆ ఎనిమిది వాట్లకూ దారి లేదు. ఫ్యాను పెడదామంటే అది ఉప్పుగాలిని లోపలికి ఈడ్చి పోస్తుంది. కాబట్టి అల్యూమినియం పెట్టె తీసుకుని, ప్రాసెసరు వీపును ఒక లోహపు దిమ్మె ద్వారా పెట్టె గోడకు ఆనించాలి. అప్పుడు పెట్టె అంతా వేడిని వదిలే రెక్క అవుతుంది. క్యాబిన్‌లో మధ్యాహ్నం 45 డిగ్రీలు ఉంటే లోపల సునాయాసంగా 65 దాటుతుంది. ఈ పలకలు 80 డిగ్రీలు చేరగానే తమ వేగాన్ని తగ్గించుకుంటాయి. ఇంతకంటె నిశ్శబ్దంగా నష్టం చేసేవి కెపాసిటర్లు. ద్రవం నింపిన ఆ చిన్న గొట్టాల ఆయువు ప్రతి పది డిగ్రీల హెచ్చుకూ సగానికి తగ్గుతుందని ఎలక్ట్రానిక్స్‌వారి మోటు లెక్క. కార్ల ఇంజను గదిలో పనిచేసే చిప్పులను సున్నకు దిగువ 40 నుండి ఎగువ 125 డిగ్రీల వరకు పరీక్షించి మరీ వాడతారంటే, ఆ అనుభవం ఊరకే రాలేదు.

ఉప్పు విషయం మాత్రం కొంత తీరికగా చెప్పుకోవాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. కెరటం తుంపర ఎండిపోయాక ఆ ఉప్పు మిగిలిపోతుంది. ఎండింది గదా అని మనం ఊరటపడతాము. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఆ పొడి ఉప్పు తానే గాలిలోని నీటిని పీల్చుకుని మళ్ళీ తడి అవుతుంది. మన తీరంలో రాత్రులు అంతకంటె తేమగా ఉండడమే పరిపాటి. అంటే ఒకసారి ఉప్పు పడిన చోటు ఇక పూర్తిగా ఆరదన్నమాట. ఆ తడి ఉప్పు విద్యుత్తును మోస్తుంది; రెండు రాగిగీతల మధ్య చేరితే ఒక గీతలోని లోహాన్ని కరిగించి రెండవదాని వైపు వేళ్ళలా పాకిస్తుంది. నాకు చూపడానికి తెచ్చిన పాత పరికరాన్ని విప్పితే లోపల అచ్చంగా పచ్చని నాచు పట్టినట్టే ఉన్నది.

నీరు చొరని పెట్టె కొంటే తీరిపోదా? పెట్టె మీద ‘ఐపీ 67’ అని ముద్ర ఉంటుంది. మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా తడవదని దాని భావం. దుకాణదారు చెప్పేది అబద్ధం కాదు, కాని కథ అక్కడితో అయిపోదు. పగలు లోపలి గాలి 55 డిగ్రీలకు కాగి ఉండగా సాయంత్రం ఒక జల్లు కురిసిందనుకోండి. పెట్టె చల్లబడి 27 డిగ్రీలకు దిగుతుంది. లోపలి గాలి ఒత్తిడి నూటికి ఎనిమిది పాళ్ళకు పైగా తగ్గిపోతుంది. లెక్కవేస్తే అది ముప్పాతిక మీటరుకు మించిన నీటి బరువుతో సమానమైన పీల్పు. వాన పెట్టె మీద పారుతూండగా ఆ పీల్పు తీగెలు దూరే ప్రతి రబ్బరు సందు దగ్గరా పనిచేస్తుంది. పగలంతా ఊపిరి వదిలి, రాత్రి నీళ్ళు పీల్చే పెట్టె అది. ఇలా ప్రతిరోజూ జరిగితే ఎంత మంచి రబ్బరైనా ఏదో ఒకనాడు లొంగుతుంది. బిగించిన కొద్దీ మేలనుకునే మన స్వభావానికి ఇది విరుద్ధం. పెట్టెకు ఊపిరి పీల్చే ముక్కు ఉండాలి. గాలిని పోనిచ్చి నీటి బొట్టును అడ్డగించే సూక్ష్మరంధ్రాల పొర ఒకటి చిన్న బిళ్ళ రూపంలో దొరుకుతుంది. దానిని పెట్టె అడుగున బిగించాము. పలక అంతటికీ వార్నిషు పూత పూశాము. పూతకు ముందు సాకెట్లకు కాగితపు టేపు అంటించడం మరువరాదు. మరచి, ఒక పలకను పారవేశాను. తీగెలన్నీ తగరపు పూత గలవి. మామూలు రాగితీగె అయితే తొడుగు లోపలనే నల్లబడుతుంది, పైకి ఏమీ తెలియదు.

తరువాత అదురు. ఆరు సిలిండర్ల డీజిలు ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే సెకండుకు 75 పేలుళ్ళు. రోజంతా నడిస్తే 64 లక్షల పైచిలుకు దెబ్బలు. ప్రతి దెబ్బా చిన్నదే. కాని మరలను వదులు చేయడానికి, ప్లగ్గులను జరపడానికి, టంకాన్ని చిట్లించడానికి అంతకంటె పెద్దది అక్కరలేదు. రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెడితే చాలుననుకుని గట్టి దిమ్మెలు తెచ్చి బిగించాను. ఇంజను పరుగులో ఉన్నప్పుడు బాగానే ఉన్నది. రేవులో ఇంజనును 600 చుట్లకు తగ్గించేసరికి పెట్టె పూనకం వచ్చినట్టు ఊగింది! 600 చుట్ల దగ్గర పేలుళ్ళు సెకండుకు 30; నేను వేసిన దిమ్మెల సహజమైన ఊపు కూడా దాదాపు అంతే. ఉయ్యాలను సమయం చూసి తోసినట్టే అయింది. రబ్బరు దిమ్మె తన సహజమైన ఊపుకు ఒకటిన్నర రెట్లకు మించిన అదురునే తగ్గిస్తుంది. దానికి దగ్గరగా ఉన్న అదురును పెంచుతుంది. ఈ పాఠాన్ని 20 ఏళ్ళు నల్లబల్ల మీద బోధించిన వాణ్ని నేను. మెత్తని దిమ్మెలు వేశాక ఊగడం ఆగింది.

ఈ బాధలు కొత్తవి కావు. సముద్రంలో ఓడ ఎంత తూర్పున, ఎంత పడమట ఉన్నదో తెలుసుకోవడానికి నికరమైన గడియారం కావలసివచ్చి, 1714లో బ్రిటిషు పార్లమెంటు 20,000 పౌన్ల వరకు బహుమానం ప్రకటించింది. దాని కోసం జీవితమంతా ధారపోసిన జాన్ హారిసన్ వడ్రంగి వృత్తిలో పెరిగినవాడు. ఓడ ఊపు, ఎండా చలీ, తేమ అతని పగవాళ్ళు. వేడికి వేర్వేరుగా సాగే రెండు లోహాలను జోడించి, ఉష్ణోగ్రత మారినా గడియారపు నడక మారకుండా చేశాడు. 1761లో అతని నాలుగవ గడియారం జమైకా ప్రయాణానికి బయలుదేరింది. 81 రోజులలో వచ్చిన తేడా సుమారు 5 సెకండ్లు. బహుమానం చేతికి రావడానికి మాత్రం అతను సముద్రం మీదకంటె ఒడ్డునే ఎక్కువ తుఫానులు ఎదుర్కోవలసి వచ్చింది.

జూన్ 15న బోటు వేటకు బయలుదేరింది. మొదటి ప్రయాణం నిక్షేపంగా గడిచింది. రెండవ ప్రయాణంలో, ఒడ్డుకు 40 కిలోమీటర్ల దూరాన, రాత్రి పెట్టె చచ్చిపోయింది. తెర నల్లబడింది, ఆపి పెట్టినా ప్రాణం రాలేదు. కారణం తరువాత తెలిసింది. రేవు చేరగానే సరంగు అలవాటు చొప్పున మెయిన్ స్విచ్చి ఆపివేస్తాడు. కంప్యూటరు జ్ఞాపకాల బిళ్ళ మీద ఏదో రాస్తూ ఉండగా విద్యుత్తు పోతే ఆ రాత సగంలో తెగుతుంది. అలా కొన్నిసార్లు తెగి, ఆ బిళ్ళ చివరకు ప్రయాణం మధ్యలో చెడింది. వేడి, ఉప్పు, అదురు అని ఇంత లెక్క వేసిన నేను, మనిషి చెయ్యి స్విచ్చి మీద పడుతుందన్న సంగతి లెక్క వేయలేదు.

కంప్యూటరు లేకపోతే లేకపోయింది, దిక్సూచి ఉన్నది గదా. సరంగు దాని ప్రకారం పడమటికి బోటును నడిపించాడు. తాతముత్తాతల నాటి నుండి వచ్చిన విద్య అది. అసలు ప్రమాదం అక్కడనే పొంచి ఉన్నది. నేను పెట్టెను బిగించిన చోటు దిక్సూచికి రెండు జానల దూరం. పెట్టెలో ప్రమాద సూచన వినిపించే స్పీకరు ఒకటి ఉన్నది. స్పీకరంటే లోపల అయస్కాంతం. దిక్సూచి 8 డిగ్రీలు పక్కకు తిరిగి ఉన్నది. 60 కిలోమీటర్లు నడిస్తే ఒక్క డిగ్రీ తప్పు ఒక కిలోమీటరు పక్కకు లాగుతుంది. ఈ లెక్కన 40 కిలోమీటర్లలో ఆ బోటు అయిదు కిలోమీటర్లకు పైగా దక్షిణానికి జరిగిపోవాలి. కాకినాడ అఖాతానికి అడ్డుగోడలా ఉన్న హోప్ ఐలండు ఇసుకతిన్నెలు ఎటున్నాయో ఆ ప్రాంతం తెలిసినవారికి నేను చెప్పనక్కర లేదు. చీకటిలో, నిండు వేగంతో, ఎనిమిది మంది మనుషులతో.

వాకలపూడి లైట్‌హౌసు దీపం వాళ్ళను కాపాడింది. ఆ దీపం కనపడవలసిన చోట కాక బాగా కుడివైపున కనిపించేసరికి సరంగుకు అనుమానం తగిలింది. “దిక్సూచి అబద్ధమాడుతోంది, దీపం ఆడదు” అని బోటును తిప్పేశాడట. ఒడ్డుకు వచ్చాక ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. “మాస్టారూ, మీ పెట్టెలో ఏదో ఇనుప గుణం ఉందండి” అని మాత్రం అన్నాడు. తిట్టి ఉంటే బాగుండునని నాకు అనిపించింది.

పెట్టెను క్యాబిన్ వెనుక గోడకు, దిక్సూచికి రెండు మీటర్ల ఎడంగా మార్చాము. స్పీకరు తీసివేసి, అయస్కాంతం లేని బజరు పెట్టాము. విద్యుత్తు పోయే జంట తీగెలను పురిపెట్టి మెలివేశాము. అలా చేస్తే రెండింటి అయస్కాంత ప్రభావాలూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఆ తరువాత బోటును రేవు బయట నిదానంగా గుండ్రంగా తిప్పి, ఒక్కొక్క దిక్కున దిక్సూచి ఎంత తప్పుతున్నదో చూసి అట్టమీద రాశాము. ఇప్పుడు ఏ దిక్కునా ఒక డిగ్రీని మించడం లేదు.

స్విచ్చి సమస్యకు రెండు మందులు వేశాము. కార్యక్రమం ఉన్న బిళ్ళను చదవడానికే తప్ప రాయడానికి వీలులేకుండా చేశాము. బోటు తిరిగిన జాడలు మాత్రం వేరే బిళ్ళ మీదికి పోతాయి, అది చెడినా పటం చెడదు. ఈ ఉపాయం నా సొంతం కాదు. 1969లో చంద్రుడి మీదికి మనుషులను దింపిన అపోలో నౌకలోని 32 కిలోల కంప్యూటరు తన కార్యక్రమాన్ని అయస్కాంతపు వలయాల గుండా అల్లిన రాగితీగెలలో దాచుకున్నది. తీగె వలయం లోపలినుండి పోతే ఒకటి, వెలుపలినుండి పోతే సున్న. దానిని ఫ్యాక్టరీలో స్త్రీలు చేతితో అల్లారు. విద్యుత్తు పోయినా, నౌక అదిరినా ఆ అల్లిక చెరగదు. రెండో మందు పెద్ద కెపాసిటర్ల వరుస. మెయిన్ స్విచ్చి ఆపాక అవి అర నిమిషం ప్రాణం నిలుపుతాయి. ఆలోగా కంప్యూటరు తన రాతపని ముగించుకుని పద్ధతిగా నిద్రపోతుంది. సరంగు అలవాటును మార్చమని ఎవరూ అడగనక్కర లేదు.

తెర విషయం ఒక్క ముక్కలో చెబుతాను: మొత్తం ఖర్చులో సగం దానికే అయింది. మామూలు తెర పట్టపగలు బోటులో నల్లని పలక లాగా కనపడుతుంది. ఎండలో కనపడాలంటే దానికి మూడు నాలుగు రెట్ల వెలుగు కావాలి. పగలు అంత వెలుగు, రాత్రి కళ్ళు చెదరకుండా దాదాపు చీకటి, ఈ రెండూ ఇచ్చే తెరలు చవకగా రావు. స్పర్శతో పనిచేసే తెరను వద్దనుకుని, తడి చేతితోనైనా నొక్కగలిగే అయిదు పెద్ద మీటలు పెట్టాము. కళాసీలలో చదువురానివాళ్ళు సైతం వాటిని వారం రోజులలో నేర్చుకున్నారు. మా యజమాని కొడుకు మాత్రం ఇందులో సినిమాలు రావా అని అడిగాడు.

పెట్టెను ఏడాదికొకసారి, వేట నిషేధం రోజులలో, విప్పి చూస్తున్నాము. ఈసారి విప్పితే తేమను పీల్చే గుళికల పొట్లం రంగు మారి ఉన్నది. స్టీలు మర అల్యూమినియం పెట్టెను తాకే ఒక చోట తెల్లని పొడి పట్టింది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో కలిస్తే బాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినివేస్తాయి. ఆ మరకు నైలాను వాషరు వేసి, గ్రీజు పూసి మళ్ళీ బిగించాము. తీగె దూరే ఒక రబ్బరు కూడా మార్చాము. లోపల పలక మీద పచ్చదనం ఎక్కడా లేదు. దిక్సూచి పక్కన మేకుకు వేలాడుతున్న అట్టను సరంగు నూనె మరకలతో నింపివేశాడు గాని, అంకెలు ఇంకా కనపడుతున్నాయి.